పనిముట్లను తిరిగి చేసినవారు

పల్లెలో వడ్రంగి క్రొత్త గొర్రును చేయవలసి వచ్చినప్పుడు పాత గొర్రును ఎదుట పెట్టుకొనును. పళ్ళ నడిమి దూరమును కొలుచును. జడ్డిగములో వేసిన విత్తనము ఏ గొట్టము వెంట జారి ఏ సాలులో పడుచున్నదో చూచును. తరువాత తన కర్రతో, తన ఉలితో, అదే పని చేయు మరియొక గొర్రును తయారు చేయును. చూచువారికి ఇది ఒట్టి అనుకరణమువలె కనబడును. కాని పని ముగియునప్పటికి వడ్రంగికి మూడు లాభములు చేకూరును. పనిముట్టు చేతికి వచ్చును. దాని లోపలి మర్మము బోధపడును. చెలక నేలకు ఒక తీరుగను, నల్లరేగడికి మరియొక తీరుగను దానిని మార్చుకొను స్వాతంత్ర్యము లభించును. ఈ మూడవ లాభమే అన్నిటికంటె గొప్పది.

ఇట్టి కథయే కంప్యూటర్ల చరిత్రలోను జరిగినది. అర్ధశతాబ్దము క్రిందట కొందరు మేధావులు కంప్యూటరుకై చిన్న చిన్న పనిముట్లను కల్పించిరి. అవి లోకమంతటను వాడుకకు వచ్చెను. తరువాత వేరువేరు కాలములలో, వేరువేరు దేశములలో, మరికొందరు ఆ పనిముట్లనే మొదటినుండి తిరిగి వ్రాసిరి. ఉన్నదానిని మరల చేయుటయేల అని ప్రతి పర్యాయమును ప్రశ్న పుట్టెను. ఆ ప్రశ్నకు చరిత్ర చెప్పిన సమాధానము ఏమి, ఆ సమాధానము తెలుగు చదువుకొను మన యిండ్లకు ఎట్లు సంబంధించినది అను రెండు విషయములను ఈ ప్రసంగములో విచారింతము.

ముందుగా ఆ పనిముట్లు ఎట్టివో తెలిసికొందము. నేడు కంప్యూటరు తెరపై బొమ్మలను తాకి పని చేయించుకొనుట అందరికిని అలవాటు. కాని ఆ బొమ్మల వెనుక, మాటలతో ఆజ్ఞలిచ్చు పద్ధతి ఒకటి నేటికిని జీవించియున్నది. ఒక పొట్టిపేరును టైపు చేసినంతనే కంప్యూటరు ఒక చిన్న పనిని చేసిపెట్టును. 'క్యాట్' అన్నచో ఒక ఫైలులోని వ్రాతను తెరపై చూపును. 'సార్ట్' అన్నచో వరుసలను అకారాదిగా సర్దును. 'డబ్ల్యూసీ' అన్నచో పంక్తులను, పదములను లెక్కపెట్టును. 'గ్రెప్' అన్నచో కోరిన మాట ఉన్న పంక్తులను మాత్రము ఏరి యిచ్చును. ఇట్టివి నూరుకు పైగా ఉన్నవి. ఒక్కొక్కటి చేయు పని అల్పము. అన్నియు కలిసినచో చేయలేని పని అరుదు.

వీటి పుట్టినిల్లు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున మరీహిల్ అను చోటనున్న బెల్ పరిశోధనాలయము. 1969వ సంవత్సరమున అక్కడ కెన్ థాంప్సన్ అను పరిశోధకుడు, డెన్నిస్ రిచీ మొదలయిన సహచరులతో కలిసి, మూలబడియున్న ఒక చిన్న యంత్రముపై క్రొత్త వ్యవస్థను నిర్మించుటకు పూనుకొనెను. దానికే తరువాత యూనిక్స్ అని పేరు వచ్చినది. దాని మొదటి కరదీపిక 1971 నవంబరు 3వ తేదీతో వెలువడెను. నేటి ప్రోగ్రామరులు ప్రతిదినము వాడు ఆజ్ఞలలో కొన్ని ఆ పుస్తకమునందే ఉన్నవి. ఏబది యేండ్లు గడచినను పేరు మారని పనిముట్టు కంప్యూటర్ల లోకములో మిక్కిలి అరుదు.

ఈ పనిముట్లకు అసలు బలము వచ్చినది 1973లో. డగ్లస్ మెకిల్‌రాయ్ అను శాస్త్రజ్ఞుడు అంతకు తొమ్మిదేండ్ల ముందే, అనగా 1964లోనే, ఒక అభిప్రాయమును వ్రాసి పెట్టెను. తోటలో నీరు పెట్టు గొట్టములను ఒకదానికొకటి తగిలించునట్లు ప్రోగ్రాములను కూడ ఒకదానికొకటి తగిలించు మార్గము ఉండవలెనని ఆయన కోరిక. 1973లో థాంప్సన్ ఒక రాత్రిలో ఆ ఏర్పాటును యూనిక్సులో కల్పించెను. దానికి 'పైపు' అని పేరు.

పైపు అనగానేమో మిర్యాలగూడ బియ్యపు మిల్లులను చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఒక యంత్రము ధాన్యములోని చెత్తను, రాళ్ళను వేరు చేయును. రెండవది ఊకను తీయును. మూడవది తవుడును తీయును. నాలుగవది నూకలను వేరుపరచును. ఏ యంత్రమును రెండవ యంత్రము పని చేయదు. తనకు వచ్చినదానిని శుభ్రపరచి తరువాతి యంత్రమునకు అందించుటయే దాని ధర్మము. యూనిక్సు పనిముట్లును అట్లే ఒకదాని ఫలితమును మరియొకటి అందుకొనును. ఉదాహరణకు గ్రామముల పేర్లు, జిల్లాల పేర్లు గల పెద్ద పట్టిక ఒకటి మనయొద్ద నున్నదనుకొందము. 'అనంతగిరి' అను పేరుగల పంక్తులను గ్రెప్ ఏరును. సార్ట్ వాటిని జిల్లాల వరుసలో పెట్టును. డబ్ల్యూసీ లెక్క చెప్పును. తెలుగుదేశమున అనంతగిరులు ఒకటికంటె ఎక్కువ. సూర్యాపేట జిల్లాలో కోదాడకు చేరువనున్నది ఒకటి. వికారాబాదు కొండలలో ఒకటి. విశాఖ మన్యములో ఒకటి. మూడు పనిముట్లను వరుసగా కూర్చినచో ఈ సంగతి క్షణములో తేలును. దీనికై ప్రత్యేకముగా ఒక పెద్ద ప్రోగ్రామును వ్రాయవలసిన పని లేదు.

ఇంత చక్కని పనిముట్లు ఉండగా తిరిగి వ్రాయుట యెందుకు అవసరమయ్యెను? అందుకు మొదటి కారణము చట్టము. బెల్ పరిశోధనాలయము ఏటీ అండ్ టీ అను టెలిఫోను సంస్థకు చెందినది. 1956లో అమెరికా ప్రభుత్వముతో కుదిరిన న్యాయస్థానపు ఒప్పందము ప్రకారము ఆ సంస్థ టెలిఫోను వ్యాపారము తప్ప మరియొకటి చేయరాదు. కావున యూనిక్సును అంగడి సరుకుగ అమ్ముటకు వీలు లేకపోయెను. విశ్వవిద్యాలయములకు స్వల్పమూల్యమునకు, మూలప్రతితో సహా, అనుమతిపై ఇచ్చుచుండిరి. మూలప్రతి యనగా ప్రోగ్రామును మనుష్యులు చదువుకొనగల రూపము. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను ఆచార్యుడు 1977లో యూనిక్స్ ఆరవ కూర్పు మూలమునకు పంక్తిపంక్తికి వ్యాఖ్యానము వ్రాసి విద్యార్థులకు బోధించెను. మన పండితులు కావ్యమునకు వ్యాఖ్య వ్రాసినట్లే అది సాగినది.

కాని 1979లో ఏడవ కూర్పు వెలువడుసరికి షరతులు మారినవి. మూలప్రతిని తరగతిలో పాఠముగ చెప్పరాదను నిషేధము వచ్చినది. లయన్స్ వ్యాఖ్యానము బహిరంగముగ అచ్చుకాలేదు. ప్రతులకు ప్రతులు తీసికొనుచు విద్యార్థులు దానిని చేతినుండి చేతికి అందించుకొనిరి. అది అంగీకృత గ్రంథముగ వెలువడినది 1996లో మాత్రమే. 1984 జనవరి 1న టెలిఫోను సంస్థ విభజింపబడిన తరువాత వ్యాపార నిర్బంధములు తొలగి, యూనిక్స్ పూర్తిగ అమ్మకపు సరుకయ్యెను.

ఆ కాలపు పట్టుదల ఎట్టిదో తెలుపు ఒక చిన్న ముచ్చట కలదు. యూనిక్సులో 'ట్రూ' అను ఆజ్ఞ ఒకటి ఉన్నది. 'సరే, జయము' అని చెప్పుట తప్ప అది ఏ పనియు చేయదు. మొదట అది ఒక ఖాళీ ఫైలు. అందులో ఒక్క అక్షరమును లేదు. ఏమియు చేయనిదానికి ఏమియు వ్రాయనక్కరలేదు గదా! తరువాతి కూర్పులలో ఆ ఖాళీ ఫైలులో కూడ సంస్థవారి హక్కుల ప్రకటన వచ్చి కూర్చున్నది. ఇది ప్రచురణకు కాని రహస్య మూలము అని హెచ్చరిక. దాని క్రింద ఏమియు లేదు. శూన్యముపై కూడ సొంతహక్కు చాటబడిన దినములవి.

ఇక తిరిగి వ్రాసినవారి సంగతి. అందరికంటె ముందు ఆ పని చేసినవారు బెల్ పరిశోధనాలయపు మనుష్యులే యగుట విశేషము. అక్కడి బ్రయన్ కెర్నిఘాన్, పూర్వము అక్కడ పనిచేసిన పి. జె. ప్లాగర్ కలిసి 1976లో 'సాఫ్ట్‌వేర్ టూల్స్' అను గ్రంథమును ప్రకటించిరి. నాడు లోకములోని కంప్యూటర్లలో యూనిక్సు గలవి బహుకొద్ది. కాని ఫోర్ట్రాన్ అను భాష దాదాపు అంతటను ఉండెను. ఫోర్ట్రాన్ గణితమునకు తగినదే గాని చదువుటకు ముళ్ళపొద. కావున ఆ రచయితలు దానిపై 'రాట్‌ఫర్' అను సుగమమైన ముసుగు వేసి, యూనిక్సు పనిముట్లను ఒక్కొక్కటిగ అందులో తిరిగి వ్రాసి చూపిరి. పదములు లెక్కించునది, అక్షరములను మార్చునది, వరుసలు సర్దునది, మాటలు వెదకునది, వ్రాతను సవరించునది, పుటలను తీర్చునది అన్నియు అందులో నున్నవి. ఆ గ్రంథము పాఠకునకు పనిముట్లతో పాటు పనితనమును కూడ ఇచ్చెను. 1981లో అదే గ్రంథము పాస్కల్ భాషలో మరల వెలువడెను.

ఆ గ్రంథమును పట్టుకొని కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ పరిశోధనాలయమున డెన్నిస్ హాల్, డెబోరా షెరర్, జోసెఫ్ స్వెంటెక్ అనువారు వేరువేరు కంపెనీల యంత్రములపై ఆ పనిముట్లను నెలకొల్పిరి. 1980లో వారు ప్రకటించిన వ్యాసము సారాంశమిది: యంత్రము ఏదయినను, దాని సొంత వ్యవస్థ ఏదయినను, పై పనిముట్లు ఒక్కటే అయినచో వాడువానికి యంత్రములన్నియు ఒక్కటే. ఊరు మారినను వడ్రంగి ఉలి మారనక్కరలేదు.

రెండవ మహాప్రయత్నము రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించినది. 1983 సెప్టెంబరు 27వ తేదీన ఆయన గ్నూ ప్రణాళికను ప్రకటించెను. యూనిక్సుతో సరిపోలు వ్యవస్థనంతయు క్రొత్తగ వ్రాసి, ఎవరయినను చదువవచ్చును, మార్చవచ్చును, పంచుకొనవచ్చును అను షరతుతో లోకమునకు ఇచ్చుట ఆ ప్రణాళిక ఆశయము. ఇచ్చట రహస్య మూలమును చూచి వ్రాయుటకు వీలు లేదు. పనిముట్టు బయటికి ఎట్లు ప్రవర్తించునో చూచి, ఆ ప్రవర్తనను మాత్రము తమ సొంత మాటలలో తిరిగి కల్పింపవలెను. వంట రుచి చూచి వంటకమును తిరిగి చేయుటవంటిది ఇది. వండినవారి చీటీని దొంగిలించుట కాదు. ఇట్లు పుట్టిన చిన్న పనిముట్ల సముదాయమే నేటి గ్నూ కోర్‌యుటిల్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నలును వ్రాసినప్పుడు ఈ పనిముట్లు దానికి సిద్ధముగ నుండెను.

ఈ రెండు ప్రయత్నములకును భిన్నమైనది మూడవది. ముందు వ్రాసినవి చాలవరకు కంపైలు చేయు భాషలలో నుండెను. అట్టి భాషకును స్క్రిప్టు భాషకును గల భేదమును ఒక పోలికతో చెప్పవచ్చును. పరదేశపు గ్రంథమును ముందే పూర్తిగ అనువదించి అచ్చు వేయించుట ఒక పద్ధతి. చదువుట వేగము, కాని మూలగ్రంథము మన చేతిలో నుండదు. దుబాసిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మూలమును అప్పటికప్పుడు చెప్పించుకొనుట రెండవ పద్ధతి. కొంత ఆలస్యమగును, కాని మూలము ఎల్లప్పుడును ఎదుటనే యుండును. ఒక వాక్యమును మార్చినచో మరుక్షణమే దాని ఫలితమును వినవచ్చును. మొదటిది కంపైలు పద్ధతి. రెండవది స్క్రిప్టు పద్ధతి. స్క్రిప్టు భాషలో వ్రాసిన పనిముట్టుకు వాడుక రూపము, చదువుకొను రూపము అని రెండు రూపములు లేవు. వాడుచున్నదే చదువుకొనవచ్చును.

అట్టి భాషలలో ప్రసిద్ధి కెక్కినది పెర్ల్. భాషాశాస్త్రమును అభ్యసించిన లారీ వాల్ దానిని 1987 డిసెంబరు 18వ తేదీన లోకమునకు ఇచ్చెను. యూనిక్సులోని చిన్న పనిముట్లు ఒక్కొక్కటి చేయు పనులను ఒకేచోట చేయగల భాష కావలెనని ఆయన ఉద్దేశము. ఆ భాష యూనిక్సులోనే గాక, ఆ పనిముట్లు లేని విండోసు మొదలగు వ్యవస్థలపై కూడ నడచుచుండెను.

ఈ సంగతి ఆధారముగ 1999లో టామ్ క్రిస్టియన్సెన్ ఒక పిలుపు ఇచ్చెను. ఆయన లారీ వాల్‌తో కలిసి పెర్ల్ భాషపై గ్రంథములు వ్రాసినవాడు. యూనిక్సు పనిముట్లనన్నిటిని ఇతర ప్రోగ్రాముల సాయము లేకుండ కేవలము పెర్ల్‌లోనే తిరిగి వ్రాయుదమని ఆ పిలుపు. దానికి పెర్ల్ పవర్ టూల్స్ అనియు, యూనిక్సు పునర్నిర్మాణ ప్రణాళిక యనియు పేర్లు. వేతనము లేదు, కంపెనీ లేదు. సరదాకొరకు, విద్యకొరకు వ్రాయుడని దాని ఆహ్వానము. పలువురు స్వచ్ఛందముగ వచ్చి ఒక్కొక్క ఆజ్ఞను చేపట్టిరి. కాలక్రమమున ఉత్సాహము తగ్గినను పని నశింపలేదు. తరువాత బ్రయన్ డి ఫాయ్ అను రచయిత ఆ సముదాయమును చేపట్టి, పెర్ల్ రచనల భాండాగారమైన సీపాన్‌లో నిలిపి సంస్కరించుచు వచ్చెను.

ఆ పని చేసినవారికి ఏమి తెలిసినది? చిన్న పనిముట్టు చిన్నది కాదని తెలిసినది. 'టెయిల్' అను ఆజ్ఞ ఒక ఫైలులోని చివరి పది పంక్తులను చూపును. ఇంతకంటె సులభమైన పని యేమున్నది అనిపించును. మొదటినుండి చదువుచు చివరి పదిటిని చూపినచో సరిపోవును గదా? కాని ఫైలు కోటి పంక్తులు గలదయినచో అంతయు చదువుట వృథాశ్రమ. తెలివిగల పనిముట్టు నేరుగ చివరకు దూకి వెనుకకు చదువును. మరి ఆ వ్రాత ఫైలునుండి గాక పైపునుండి వచ్చుచున్నదయినచో? పారు కాలువలో చివరకు దూకుట సాధ్యము కాదు. అప్పుడు పది పంక్తులు పట్టు చిన్న బుట్టను పెట్టుకొని, క్రొత్త పంక్తి వచ్చినకొలది పాతదానిని పారవేయుచు కూర్చుండవలెను. ఒక చిన్న ఆజ్ఞలో రెండు వేరు విద్యలు దాగియున్నవి.

ఫైలును ఒకచోటినుండి మరియొకచోటికి మార్చు 'ఎంవీ' ఆజ్ఞయు అట్టిదే. ఒకే డిస్కులో మార్చునప్పుడు అది ఫైలును కదల్పనే కదల్పదు. పేరు మాత్రము మార్చును. ఇంటి గుమ్మముపై పలక మార్చుటవంటిది. వేరొక డిస్కునకు మార్చవలసినచో పలక మార్చిన చాలదు. ఇల్లంతయు నకలు తీసి అక్కడ కట్టి, తరువాత పాతదానిని తొలగింపవలెను. నడుమ విద్యుత్తు పోయినచో రెండును చెడకుండ చూడవలెను. వాడువానికి రెండును ఒక్క ఆజ్ఞయే. లోపల వ్రాసినవానికే ఆ భేదము తెలియును. ఈ మర్మములు పుస్తకములో చదివినచో మరచిపోవచ్చును. చేతితో తిరిగి చేసినచో మరపునకు రావు.

ఇట్టి పునర్నిర్మాణమునకు ఆక్షేపణలు లేకపోలేదు. స్క్రిప్టు భాషలో వ్రాసిన పనిముట్టు కంపైలు చేసినదానికంటె సాధారణముగ నెమ్మది. ఇది నిజమే. బస్తాల కొలది ధాన్యము పట్టవలసినచో మిల్లునకే పోవలెను. కాని ఇంట పావుసేరు పిండి విసరుటకు తిరుగలి చాలును. ఆ తిరుగలి ఎట్లు తిరుగునో ఇంటిలోని పిల్లలకు కూడ కనబడును.

రెండవ ఆక్షేపణ ఇంకను బలమైనది. ఏండ్ల తరబడి వాడుకలో రాటుదేలిన పనిముట్టును తీసి క్రొత్తది పెట్టినచో, ఎవరికిని గుర్తులేని చిన్న గుణము ఒకటి జారిపోవచ్చును. దీనికి ఇటీవలి నిదర్శనము కలదు. రస్ట్ అను కంపైలు భాషలో కోర్‌యుటిల్స్‌ను తిరిగి వ్రాయు ప్రయత్నము 2013లో మొదలయినది. 2025 అక్టోబరులో వెలువడిన ఉబుంటు 25.10 అను లినక్స్ కూర్పు ఆ క్రొత్త పనిముట్లనే స్వీకరించినది. అందులో 'డేట్' అను ఆజ్ఞకు ఒక లోపము బయటపడెను. ఒక ఫైలు కడపట మారిన తేదీని చెప్పుమన్నచో అది ఫైలు మాట విడిచి నేటి తేదీని చెప్పెను. ఆ తేదీని నమ్ముకొనిన మరియొక ప్రోగ్రాము, క్రొత్త సవరణలకై తాను ఇప్పుడే వెదకితినని భ్రమించి, వెదకుట మానెను. కొన్ని యంత్రములలో స్వయంచాలకముగ రావలసిన సవరణల పరిశీలన ఆగిపోయినది. లోపము త్వరలోనే దిద్దబడినది. కాని పాఠము మిగిలినది. తిరిగి చేయువాడు ముందున్నదానిని పరీక్షించుటలో సహనము చూపవలెను. పాత గొర్రులో అక్కరలేదని తోచిన మేకు ఒకటి ఎందుకు కొట్టబడినదో తెలియకుండ తీయరాదు.

ఇంతవరకును కథ పరదేశములది. ఇక మన భాష సంగతికి వచ్చెదము. ఈ పనిముట్లను కల్పించినవారు ఇంగ్లీషు అక్షరములను ఎదుట పెట్టుకొని కల్పించిరి. వారి లెక్కలో ఒక అక్షరమునకు ఒక బైటు, అనగా కంప్యూటరు జ్ఞాపకములో ఒక గది. తెలుగునకు ఆ లెక్క సరిపోదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పు తెలుగు వర్ణములకు, గుణింతపు గుర్తులకు సంఖ్యలను కేటాయించెను. 1992లో అదే కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి, ఆ సంఖ్యలను పాత పనిముట్లు బెదరకుండ మోయగల యూటీఎఫ్-8 అను పద్ధతిని రూపొందించెను. ఆ పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లు ఆక్రమించును. ఈ యేర్పాటు చక్కనిదగుటచేతనే తెలుగు ఎరుగని గ్రెప్ కూడ పట్టికలో 'అనంతగిరి' అను మాటను తప్పులేకుండ పట్టుకొనగలదు.

వెదకుట వరకు బాగున్నది. లెక్కపెట్టుటలో చిక్కు వచ్చును. 'అనంతగిరి' అను మాటలో ఎన్ని అక్షరములున్నవని ఒకటవ తరగతి పిల్లవానిని అడిగినచో వ్రేళ్ళు ముడిచి అ, నం, త, గి, రి అని అయిదు చెప్పును. డబ్ల్యూసీని బైట్లు అడిగినచో, పంక్తి చివరి గుర్తును విడిచి, ఇరువదినాలుగు చెప్పును. సంకేతములను అడిగినచో ఎనిమిది చెప్పును. ఏలననగా సున్న ఒక సంకేతము, గుడి ఒక సంకేతము. మూడు లెక్కలును యంత్రము దృష్టిలో నిజమే. కాని మన బడిలోని లెక్క ఒక్కటియే తెలుగు లెక్క. 'సూర్యాపేట' యనిన చిక్కు ఇంకను పెద్దది. మనకు నాలుగు అక్షరములు. యంత్రమునకు తొమ్మిది సంకేతములు. సంకేతములను అక్షరములుగ గుంపుచేయు యూనికోడ్ నియమము కూడ చాలకాలము 'ర్యా' అను సంయుక్తమును రెండుగ చీల్చి అయిదు అని చెప్పుచుండెను. 2023లో వెలువడిన 15.1వ కూర్పులో మాత్రమే తెలుగు మొదలగు కొన్ని భారతీయ లిపుల సంయుక్తములను కలిపియుంచు నియమము చేరినది.

మాటను త్రిప్పి వ్రాయు 'రెవ్' అను పనిముట్టు కలదు. 'రాముడు' అను మాటను తెలుగు ఎరిగినవాడు త్రిప్పినచో 'డుమురా' యగును. సంకేతముల వెంటబడి త్రిప్పు పనిముట్టు మొదట ఒక అనాథమైన కొమ్మును పెట్టి, తరువాత డు, మా, ర అని వ్రాయును. 'ర'కు చెందిన దీర్ఘము 'మ'కు పోయినది. గుణింతములన్నియు ఒకరి సొత్తు మరియొకరికి చేరినవి. వరుస సర్దుటలోను ఇట్టి తేడాయే కలదు. యూనికోడ్ క్రమములో 'ళ' అక్షరము 'ల' ప్రక్కన నున్నది. బడిలో నేర్చు వర్ణమాలలో అది 'హ' తరువాత వచ్చును. కావున సంకేతసంఖ్యలను బట్టి సర్దు యంత్రము 'కళ'ను 'కవి'కి ముందు పెట్టును. మన వర్ణమాల 'కవి'ని ముందు పెట్టుమనును.

ఈ తప్పులను ఎవరు దిద్దవలెను? న్యూజెర్సీవారు దిద్దవలెనని ఎదురుచూచుట న్యాయము కాదు. వారి నేల వేరు. చెలకకు తగిన గొర్రును చెలక దున్నువారే చేసికొనవలెను. ఇచ్చటనే స్క్రిప్టు భాషలోని పనిముట్ల విలువ తెలియును. పెర్ల్ భాషలో ఒక సంకేతమునకు బదులు కంటికి కనబడు ఒక అక్షరపు గుంపును పట్టుకొనుటకు ప్రత్యేకమైన గుర్తు కలదు. దానిని వాడినచో అక్షరములు లెక్కించు పనిముట్టు కొలది పంక్తులలో ముగియును. మాటను త్రిప్పునదియు అంతే. కంపైలు చేసిన పనిముట్టు పొట్ట కోయలేని కాలేజీ విద్యార్థి కూడ ఈ కొలది పంక్తులను చదివి, సవరించి, తన భాషకు దిద్దుకొనగలడు.

ఇది ఊహ మాత్రము కాదు. తెలుగువారు ఇట్టి పనిని ఒక పర్యాయము చేసి చూపిరి. 1990ల ఆరంభమున అమెరికాలోని హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున రిట్ అను ప్రోగ్రాము పుట్టినది. కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ దాని కర్తలు. ఇంగ్లీషు అక్షరములతో టైపు చేసిన తెలుగు మాటను తెలుగు లిపిలోనికి మార్చుట దాని పని. తెలుగు కీబోర్డు గాని తెలుగు తెర గాని లేని దినములలో దేశాంతరములందలి తెలుగువారు ఆ వ్రాతపద్ధతితోనే ఒకరితో ఒకరు తమ భాషలో సంభాషించుకొనిరి. ఆ పద్ధతికి ఆర్టీయస్ అను పేరు స్థిరపడెను.

కాని ఆ ప్రోగ్రామును తెచ్చి తన యంత్రములో నిలుపుకొనుట అందరికిని సాధ్యము కాలేదు. 2000ల మధ్య సంవత్సరములలో వెన్న నాగార్జున 'పద్మ' అను పనిముట్టును, బ్రౌజరులో నడచు జావాస్క్రిప్ట్ అను స్క్రిప్టు భాషలో వ్రాసెను. ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క సొంత ఫాంటుతో వెలువడి, ఒకరి వ్రాత మరియొకరికి అందని ఆ దినములలో, ఆ వ్రాతలను యూనికోడునకు మార్చుట పద్మ చేసిన ఉపకారము. ఆర్టీయస్ వ్రాతను తెలుగు చేయు విద్యయు దానిలో నుండెను. ఆ విద్యను ఆధారము చేసికొని వీవెన్ 'లేఖిని'ని నిర్మించెను. ఒక పుట తెరచి ఇంగ్లీషు అక్షరములు నొక్కినచో ఎదుట తెలుగు వచ్చును. ఏదియు నిలుపుకొనవలసిన పని లేదు. తెలుగు బ్లాగులు, తెలుగు వికీపీడియా ఎదిగిన తొలినాళ్ళలో ఎందరో తమ మొదటి తెలుగు వాక్యమును లేఖినిలోనే వ్రాసిరి. పాత పనిముట్టునే క్రొత్త భాషలో తిరిగి చేయుటవలన కలిగిన ఫలము ఇది. 1976లో కెర్నిఘాన్, ప్లాగర్ చెప్పిన సూత్రమునకు మన యింట లభించిన నిదర్శనము కూడ ఇదియే.

కావున ఉన్నదానిని మరల చేయుటయేల అను ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన సమాధానము స్పష్టముగనే యున్నది. పనిముట్టు లేనిచోట దానిని కల్పించుటకు మరల చేయవలెను. బర్క్‌లీవారు అట్లు చేసిరి. చదువరాదని తాళము వేసినచోట తాళములేనిదానిని ఇచ్చుటకు మరల చేయవలెను. గ్నూవారు అట్లు చేసిరి. లోపలి మర్మమును నేర్చుకొనుటకు, నేర్పుటకు మరల చేయవలెను. పెర్ల్‌వారు అట్లు చేసిరి. పరుల అక్షరములకై పుట్టిన పనిముట్టును మన అక్షరములకు దిద్దుకొనుటకు మరల చేయవలెను. ఈ కడపటి పని తెలుగువారిది. రిట్‌తోను, పద్మతోను, లేఖినితోను అది మొదలయినది. వ్రాయుట వరకు సాగినది. లెక్కించుట, సర్దుట, వెదకుట అను విద్యలలో చేయవలసినది ఇంకను చాల మిగిలియున్నది.

దీనికి గొప్ప ప్రయోగశాలలు అక్కరలేదు. ఒక కంప్యూటరు, ఉచితముగ లభించు ఒక స్క్రిప్టు భాష, తెలుగు వర్ణమాల క్షుణ్ణముగ తెలిసిన ఒక బుద్ధి ఉన్నచో చాలును. కోదాడలో గాని మిర్యాలగూడలో గాని చదువుకొను విద్యార్థి 'అనంతగిరి'లో అక్షరములెన్ని అని యంత్రమును అడిగి, అయిదు అను సమాధానమును దానిచేత చెప్పింపగలిగిన దినమున, అతడు పనిముట్టును వాడువాడు మాత్రమే గాక, దానిని చేయువాడు కూడ అగును.